ఫార్మాట్ కాని పెన్‌డ్రైవ్‌లతో తొమ్మిదేళ్ళు: డిస్క్‌పార్ట్ గురించి నా మాట

పర్లాకిమిడిలో మాది చిన్న ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే ఇటు కాశీనగరం, గుణుపురం, అటు పాతపట్నం, టెక్కలి దాకా తిరుగుతాం, వీడియోలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాం. సీడీల కాలం పోయాక మా పనంతా పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల మీదే. మా సొంతవి కాక, ఊళ్ళో ఎవరి పెన్‌డ్రైవ్ మొరాయించినా "ఇందులో ఏటీ కనిపించట్లేదు బాబూ, ఓసారి చూడు" అని మా కౌంటర్ మీద పెట్టేస్తారు. ఈ తొమ్మిదేళ్ళలో ఎక్కువగా వాడింది విండోస్‌లో ఉచితంగా ఉండే డిస్క్‌పార్ట్, అంటే కమాండ్లు టైప్ చేసి డిస్కుల్ని చెరిపి మళ్ళీ సిద్ధం చేసే ప్రోగ్రాం. దాని మంచీ చెడూ రెండూ అనుభవించాను కాబట్టి రాస్తున్నాను.

రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ కొడితే 'విండోస్ వజ్ అనేబుల్ టు కంప్లీట్ ద ఫార్మాట్' అని వస్తుంది చూడండి, సాధారణంగా నేను డిస్క్‌పార్ట్ తెరిచేది అక్కడే. మామూలు ఫార్మాట్ ఒక పార్టిషన్ (డిస్కులో విడగొట్టిన భాగం) లోపల మాత్రమే పని చేస్తుంది. పాడైంది ఏ భాగం ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్ అయితే దాన్ని అది ముట్టుకోదు. ఎవరో లినక్స్ వేసుకోవడానికి పెన్‌డ్రైవ్‌ను బూటబుల్ (కంప్యూటర్ దాన్నుంచే స్టార్ట్ అయ్యేలా) చేస్తారు, తర్వాత 32 జీబీది కాస్తా కొన్ని ఎంబీలే చూపిస్తుంది, ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అంతే. అలాంటి వాటికి డిస్క్‌పార్ట్ మందులా పని చేస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్ అని కొట్టి, లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ అని దాని నంబరు, క్లీన్, క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ, ఫార్మాట్ ఎఫ్‌ఎస్ ఈక్వల్ టు ఎక్స్‌ఫ్యాట్ క్విక్, చివర అసైన్. ఇందులో ఎక్స్‌ఫ్యాట్ అంటే డ్రైవ్‌లో ఫైళ్ళు సర్దే ఒక పద్ధతి. రెండు నిమిషాల పని. నా దగ్గరికి వచ్చినవాటిలో సగానికి పైగా ఇంతటితోనే బాగయ్యాయి.

కానీ ఇది 'నిజంగా చెరిపేయమంటారా' అని అడగదు. క్లీన్ అని కొట్టి ఎంటర్ నొక్కితే అయిపోయినట్టే. 2019 మాఘంలో నాకు జరిగింది ఇదే. ఒక కస్టమర్ 64 జీబీ పెన్‌డ్రైవ్, కార్డ్ రీడర్‌లో ముందురోజు పెళ్ళి తీసిన మా 64 జీబీ కార్డు, రెండూ కంప్యూటర్‌కే ఉన్నాయి. లిస్ట్‌లో రెండూ 59 జీబీలే. పెన్‌డ్రైవ్ దెబ్బకి కంప్యూటర్ హ్యాంగ్ అయింది, రీస్టార్ట్ చేశాను, మళ్ళీ లిస్ట్ చూడకుండా పాత నంబరే కొట్టి క్లీన్ అన్నాను. పెన్‌డ్రైవ్ లైటు వెలగలేదు, కార్డ్ రీడర్ ఎర్ర లైటు టకటకా కొట్టుకుంది. రీస్టార్ట్‌తో నంబర్లు తారుమారయ్యాయి. ఆ కార్డులో తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ ఉన్నాయి, ఇంకో కాపీ లేదు.

అక్కడితో చేతులు కీబోర్డు మీంచి తీసేయడమే మేలైంది. క్లీన్ అనేది డిస్కు మొత్తం తుడవదు, మొదటి ఎంబీ, చివరి ఎంబీ దగ్గరున్న పార్టిషన్ సమాచారాన్ని మాత్రమే తుడుస్తుంది. మొత్తం సున్నాలతో నింపేది క్లీన్ ఆల్. కెమెరాలో ఫార్మాట్ చేసిన కార్డులో పార్టిషన్ ఆ మొదటి ఎంబీ దాటాకే మొదలవుతుంది కాబట్టి ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఎనలైజ్, క్విక్ సెర్చ్ చేసి కీబోర్డులో 'P' నొక్కితే ఫైళ్ళ పేర్లు వరుసగా కనిపించాయి. కార్డు మీద ఏమీ రాయకుండా అన్నిటినీ వేరే డిస్కులోకి కాపీ చేసుకునేసరికి తెల్లారింది. ఆ పెళ్ళికూతురి నాన్నకి ఈ విషయం నేనే చెప్పాను, చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు. అప్పటినుంచి డిస్క్‌పార్ట్ తెరిస్తే మిగతా డ్రైవ్‌లన్నీ పీకేస్తాను, సెలెక్ట్ చేశాక డీటెయిల్ డిస్క్ కొట్టి పేరు చదివాకే క్లీన్.

ఇక 'రైట్ ప్రొటెక్టెడ్' గొడవ, అంటే డ్రైవ్ మీద ఏమీ రాయనివ్వకపోవడం. ఎక్కువమంది ఇక్కడే రోజులు పోగొట్టుకుంటారు, నేనూ పోగొట్టుకున్నాను. ముందు కార్డు అడాప్టర్ పక్కనున్న చిన్న స్విచ్ చూడండి, అది లాక్ వైపు జరిగి ఉంటే పైకి తోస్తే చాలు. అది కాకపోతే యాట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్‌ఓన్లీ కొట్టి, తర్వాత ఒట్టి యాట్రిబ్యూట్స్ డిస్క్ కొట్టి చూడండి. రీడ్‌ఓన్లీ దగ్గర నో, కరెంట్ రీడ్‌ఓన్లీ స్టేట్ దగ్గర మాత్రం యస్ అని ఉంటే అడ్డుపడుతోంది విండోస్ సెట్టింగ్ కాదు. స్విచ్ కూడా సరిగానే ఉంటే చాలావరకు అది లోపలి చిప్ పని. ఫ్లాష్ మెమరీ అరిగిపోయినప్పుడు దాన్ని నడిపే కంట్రోలర్ చిప్ తనంతట తానే రాయడం ఆపేస్తుంది, చదవడం మాత్రం ఇస్తుంది. అలా లాక్ అయినదాన్ని మామూలు ఫార్మాట్ సాఫ్ట్‌వేర్ ఏదీ విప్పలేదు. రిపేర్ టూల్ అని పేరు పెట్టుకున్నవి ఎన్నో దించి చూశాను, ఒకదాంతో వైరస్ వచ్చింది తప్ప ఒక్క పెన్‌డ్రైవ్ కూడా బాగవలేదు. చదవనిస్తున్నంతసేపే ఉన్నదంతా కాపీ తీసుకుని కొత్తది కొనడమే.

రథయాత్రప్పుడు ఒక కుర్రాడు 1 టీబీ పెన్‌డ్రైవ్ నాలుగొందలకి కొన్నానని తెచ్చాడు. ఫార్మాట్ అవుతుంది, కాపీ అవుతుంది, కొన్ని వీడియోలు ఆడతాయి, మిగతావి తెరుచుకోవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం డ్రైవ్ నిండా రాసి మళ్ళీ చదివి చూస్తుంది, దాంతో పరీక్షిస్తే లోపల నిజంగా ఉన్నది 32 జీబీ కూడా లేదు. దీన్ని ఫార్మాట్‌తో బాగుచేయలేం. ఇప్పుడు కస్టమర్లకి ఇచ్చే ప్రతి కొత్త పెన్‌డ్రైవ్‌నీ ఈ పరీక్ష పెట్టాకే వాడుతున్నాను, కాస్త ఆలస్యమైనా సరే.

'ఫైల్ ఈజ్ టూ లార్జ్' అని వస్తే మాత్రం అది లోపమే కాదు. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, పెళ్ళి వీడియో దాటుతుంది. పెద్ద పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 చేద్దామంటే విండోస్ ఫార్మాట్ పెట్టె 32 జీబీ పైన ఆ ఆప్షనే చూపించేది కాదు. ఆ పెట్టె రాసిన అప్పటి మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ డేవ్ ప్లమర్ 1994లో తాత్కాలికమనుకుని పెట్టిన హద్దు అదని ఆయనే చెప్పారు. ఎక్స్‌ఫ్యాట్‌లో పెడితే ఆ ఇబ్బందేమీ ఉండదు కానీ పల్లెల్లో పాత టీవీలు దాన్ని చదవవు. అందుకని ఆర్డర్ తీసుకునేటప్పుడే టీవీ ఎప్పటిదని అడుగుతాను, పాతదైతే వీడియోని ముక్కలు చేసి ఫ్యాట్32లో ఇస్తాను.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు దగ్గర నాకు భయం ఎక్కువ. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ఊడ్చేసినప్పుడు కరెంటు ఎన్ని రోజులు లేదో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. జనరేటర్ మీద కాపీ చేస్తుంటే అది ఆగిపోయి 1 టీబీ డిస్కు 'RAW' అని, అంటే లోపలున్నది విండోస్‌కి అర్థం కానట్టు, చూపించింది, తగిలించిన ప్రతిసారీ ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగేది. అక్కడ యస్ కొట్టొద్దు. క్యాన్సిల్ చేసి ముందు డేటా బయటికి తీయండి, ఫార్మాట్ సంగతి తర్వాత. ఫార్మాట్ మధ్యలో డిస్కు కనెక్షన్ పోతుంటే కేబుల్ మార్చి సీపీయూ వెనకవైపు పోర్టులో పెట్టండి, ముందువైపు పోర్టుల్లో చాలాసార్లు కరెంటు సరిగ్గా అందదు. 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అని ఎర్రర్ (చదివిన డేటా సరిపోలలేదని) వచ్చినా, లోపల టిక్ టిక్ శబ్దం వస్తున్నా డిస్కు పోయే దారిలో ఉన్నట్టే. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో పెండింగ్ సెక్టార్లు (సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు) పెరుగుతున్నాయేమో చూడండి. పెరుగుతుంటే విండోస్‌లో డిస్కు తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడపడం కూడా తప్పే, మిగిలిన ప్రాణాన్ని అదే తినేస్తుంది.

పెండింగ్ ఏమీ లేదు, అనుమానం మాత్రం ఉందనుకున్నప్పుడు క్విక్ టిక్ తీసేసి ఫుల్ ఫార్మాట్ పెడతాను. విండోస్ విస్టా వచ్చినప్పటినుంచి ఫుల్ ఫార్మాట్ డిస్కంతా సున్నాలు రాస్తుంది కాబట్టి డేటా ఇక తిరిగి రాదు, 1 టీబీకి మంచి పోర్టులో మూడు గంటలు, పాత యూఎస్‌బీ 2లో అయితే ఒక రాత్రంతా పడుతుంది.

మొన్న కాశీనగరం నుంచి ఒక పెద్దావిడ కొడుకు పెళ్ళి పెన్‌డ్రైవ్ కొంగు ముడిలోంచి విప్పి ఇచ్చింది. "ఎవులో ఫార్మాట్ కొట్టేత్తే బాగవుతాదన్నారు బాబూ" అంది. తగిలించి చూస్తే కరెంట్ రీడ్‌ఓన్లీ స్టేట్ యస్. "ఫార్మాట్ ఏమీ వద్దమ్మా, కూర్చో" అని ఉన్నవన్నీ కాపీ తీసి, కొత్తదాంట్లో ఫ్యాట్32లో వేసి, స్టూడియో టీవీలో ఆడించి చూపించాకే పంపాను. పాతది కూడా ఆవిడకే తిరిగి ఇచ్చాను.