120 రూపాయల రింగులు: నాలుగేళ్ల తర్వాత

కారు ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు విప్పి శుభ్రం చేసే విధానం చెప్పేవాళ్లకు కొదవ లేదు. నా గొడవ వాటికి పైనా కిందా తొడిగే నల్ల రబ్బరు రింగులతో. నాలుగు ఇంజెక్టర్లకు ఎనిమిది రింగుల సెట్టు, అనంతపురంలో నాలుగేళ్ల కిందట 120 రూపాయలకు కొన్నాను. ఆ డబ్బు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొత్తలో మాత్రం తెగ మెచ్చుకున్నాను. లక్ష కిలోమీటర్లు తిరిగిన పెట్రోలు కారు, ఆదివారం, ఇంటి ముందు వేపచెట్టు నీడ. పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతట అది ఆగిపోయేదాకా ఉంచి రైలులో, అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలో, ఒత్తిడి దించాను. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీశాను. రెండు బోల్టులు విప్పి రైలును నిటారుగా లాగితే ఇంజెక్టర్లు నాలుగూ దానితోపాటే వచ్చాయి. కొత్త రింగులు వేశాక, బండి నిలిపి ఇంజన్ నడుస్తున్నప్పుడు వచ్చే వణుకు పోయింది. ఖరీదైన రింగులు కొనేవాళ్లను చూసి నవ్వాను కూడా.

ఏడాది గడిచాక, డిసెంబరులో, తెల్లవారుజామున స్టార్టు చేస్తే పెట్రోలు వాసన. పది నిమిషాలు నడిపితే మాయం. గుత్తి రోడ్డులోని షెడ్డుకు చేరేసరికి బానెట్టు కింద అంతా పొడిగా ఉండేది. మూడోసారి వెళ్లినప్పుడు మెకానిక్ అడిగాడు: "ఏమప్పా, వాసన బండిలో ఉందా, నీ ముక్కులో ఉందా?" ఇంట్లోనూ అదే మాట. ఎండలు ముదిరాక వాసన పోయింది, నేనూ ఊరుకున్నాను.

మరుసటి చలికాలం మళ్లీ మొదలైంది. ఈసారి కారును రాత్రి షెడ్డులోనే వదిలి ఉదయం ఆరింటికి వెళ్లాను. మెకానిక్ తాళం తిప్పాడు. పంపు రైలులో ఒత్తిడి నింపుతూ రెండు క్షణాలు మూలిగి ఆగింది. టార్చి వేసి చూస్తే మూడో ఇంజెక్టరు తల దగ్గర చెమట పట్టినట్టు తడి. మెకానిక్ ముఖంలో నవ్వు పోయింది.

దించి చూస్తే ఆ రింగు గోటికి లొంగలేదు, ఎండిన చింతగింజలా ఉంది. రైలులో సుమారు 3 బార్ల ఒత్తిడి ఉంటుంది, దాన్ని ఆపేది రబ్బరు మెత్తదనమే. గట్టిపడిన రింగు చలికి ముడుచుకుని సందు ఇస్తుంది, ఇంజన్ వేడికి ఉబ్బి మూసుకుంటుంది. షెడ్డుకు చేరేసరికి దొంగ దొరకకపోవడానికి కారణం ఇదే.

నేరమంతా రింగులదే అనడానికీ నోరు రాదు. దానిమీద సన్నని కోత ఒకటి కనిపించింది. అది నా చేతిపని. ఇంజన్ ఆయిల్ పూయకుండా పొడిగా నొక్కి, దిగకపోతే మెలితిప్పాను. మెకానిక్ ఆ కోతను చూపించి ఏమీ అనలేదు, అని ఉంటేనే నయం. పైగా రైలు లాగే ముందు చుట్టూ ఉన్న దుమ్మును గాలితో ఊదాలని ఆ ఆదివారం నాకు తట్టనే లేదు. మన జిల్లా దుమ్ము ఇంజెక్టర్లు దిగే రంధ్రాల్లోకి ఎంత రాలిందో!

ఇప్పుడున్నవి 480 రూపాయల వైటాన్ రింగులు. వేడినీ, ఇథనాల్ కలిసిన పెట్రోలునూ మామూలు నైట్రైల్ రబ్బరు కన్నా బాగా తట్టుకునే రకం. గోధుమ రంగు చూసి వైటానే అనుకోకండి, రంగు ఏ రబ్బరుకైనా వేయవచ్చు. నమ్మకమైన చోట అడిగి కొనాలి. ఒక చలికాలం పూర్తిగా గడిచింది, వాసన లేదు. ఎన్నేళ్లు మన్నుతాయో ఇప్పుడే చెప్పలేను.

నా కారు ఏడాది పొడవునా ఆరుబయటే ఉంటుంది, నెలకోసారి కర్నూలు వెళ్లి వస్తుంది. షెడ్డులో నిలిపి అప్పుడప్పుడు తీసేవాళ్లకు, లేదా రెండేళ్లలో అమ్మేసేవాళ్లకు 120 రూపాయల సెట్టు సరిపోతుందేమో. నేనైతే మళ్లీ కొనను. రైలు ఎవరు బిగించినా సరే, స్టార్టు చేసే ముందు తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి, ప్రతి ఇంజెక్టరు తల చుట్టూ పొడి కాగితం తిప్పి చూస్తున్నాను. చలికాలంలో తెల్లవారుజామున మరోసారి.