క్యూటీ లిస్ట్‌వ్యూలో మూడు వేల పెండ్లి ఫోటోలు: మూడేళ్లు వాడాక

తిరుపతిలో ముహూర్తాల నెలలొస్తే ఫోటో అంగడికి ఒక్కో పెండ్లికి మూడు వేల దాకా జేపెగ్‌లు వచ్చి పడతాయి. పెండ్లివాళ్లు పక్కన కూర్చుని ఆల్బమ్‌కు ఏరుకునే విండోను క్యూటీ 6 (విండోలు, బటన్లు కట్టే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ), దాన్ని పైథాన్‌లో వాడనిచ్చే పైసైడ్‌లతో కట్టి మూడేళ్లుగా వాడుతున్నాం. అందులో ఫోటోలను గడులుగా పేర్చి చూపే క్యూలిస్ట్‌వ్యూ మీద నాకున్న అభిమానమంతా ఒక్క కోడ్ వరుస దగ్గరే ఉంది: గడులన్నీ ఒకే కొలతని చెప్పే సెట్‌యూనిఫార్మ్‌ఐటెమ్‌సైజెస్‌కు ట్రూ ఇవ్వడం.

మనం ఆన్ చేసేదాకా అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఆ స్థితిలో గడులు పేర్చడానికి వ్యూ ప్రతి ఐటెమ్ కొలతనూ డెలిగేట్‌ను (ఒక్కో గడిని కొలిచి గీసే భాగం) అడుగుతుంది. మామూలు డెలిగేట్ కొలత చెప్పాలంటే మోడల్ (ఫోటోల జాబితాను అందించే భాగం) నుంచి డెకరేషన్‌రోల్ తెప్పించుకుంటుంది, అంటే బొమ్మనే అడుగుతుంది. తెరమీద కనిపించేవి నలభై గడులే అయినా ఫోల్డర్ తెరవగానే మూడు వేల బొమ్మలకూ పిలుపు వెళ్తుంది. వెనక బొమ్మలు విప్పే థ్రెడ్‌పూల్ వరుసలో అన్నీ చేరిపోతాయి. మీరు నేరుగా రిసెప్షన్ ఫోటోల దగ్గరికి స్క్రోల్ చేస్తే, ముందున్న రెండు వేల పైచిలుకు ఫోటోలు పూర్తయ్యేదాకా అక్కడ బూడిద రంగు గడులే. విండో కొలత మారితే గడులు మళ్లీ పేర్చుకునేలా రీసైజ్‌మోడ్ అడ్జస్ట్‌లో పెట్టి ఉంటే విండో అంచు లాగిన ప్రతిసారీ మళ్లీ మొదటికే. ఆ ఒక్క వరుస రాశాక కొలత ఒక్కసారే తీసుకుని అన్నిటికీ అదే వాడుతుంది, బొమ్మలు కనిపించే గడులకే అడుగుతుంది. అయితే మొదటి ఐటెమ్ కొలతే అందరిదీ అవుతుంది కాబట్టి, పొడుగు ఫైలు పేర్లు కింద తెగిపోతాయి. డెలిగేట్‌లో కొలత చెప్పే సైజ్‌హింట్ ఫంక్షన్ మనమే రాసి స్థిరమైన కొలత ఇవ్వడం మేలు.

మొదట్లో, ఒకసారి విప్పిన బొమ్మలను ర్యామ్‌లో దాచే క్యూపిక్స్‌మ్యాప్‌క్యాష్‌ను అందరికీ చెప్పి మరీ మెచ్చుకున్నాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతాను. దాని మామూలు హద్దు 10,240 కేబీ. 240×160 థంబ్‌నెయిల్ (చిన్న నమూనా బొమ్మ) ఒక్కటి 150 కేబీ తింటుంది, అంటే 68 దాటితే పాతవి బయటికి పోతాయి. రెండు తెరలు కిందికి వెళ్లి పైకి వస్తే మళ్లీ డిస్క్ మోగుతుంది. సెట్‌క్యాష్‌లిమిట్‌తో 300 ఎంబీ ఇచ్చాం, అది కేబీల్లో ఇవ్వాలి. ఎనిమిది జీబీ ర్యామ్‌లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా తెరిచి ఉంటే ఇంత ఇవ్వకండి.

బొమ్మ విప్పే పని క్యూఇమేజ్‌రీడర్‌ది. చదవడానికి ముందే కావలసిన కొలతను సెట్‌స్కేల్డ్‌సైజ్‌తో ఇవ్వండి. 6000×4000 ఫోటోను పూర్తిగా విప్పితే 96 ఎంబీ. ముందే చెబితే జేపెగ్ డీకోడర్ ఎనిమిదో వంతుకు, అంటే 750×500కే విప్పి అక్కడి నుంచి చిన్నది చేస్తుంది. వెనక థ్రెడ్‌లో క్యూఇమేజ్‌తోనే (మామూలు బొమ్మ డేటా) పని చేయాలి, తెరమీద గీసే పిక్స్‌మ్యాప్‌గా మార్చేది ప్రధాన థ్రెడ్‌లోనే. థ్రెడ్‌పూల్‌కు ఇచ్చే పని, అంటే క్యూరన్నబుల్‌కు, పూర్తయిందని కబురు పంపే సిగ్నల్స్ ఉండవు, అందుకు పక్కన ఒక క్యూఆబ్జెక్ట్ పెట్టుకోవాలి. కొత్త పనికి పాతదానికంటే ఎక్కువ ప్రయారిటీ ఇస్తూ పోతే చివర అడిగిన గడి ముందు నిండుతుంది.

ఇక నిలువు ఫోటోలు. కెమెరా రాసిన దిశ ప్రకారం ఫోటోను తిప్పే సెట్‌ఆటోట్రాన్స్‌ఫార్మ్ పెట్టినా, రీడర్ ఇచ్చే సైజ్ తిప్పకముందుదే, స్కేల్డ్‌సైజ్ వర్తించేదీ తిప్పకముందే. అడ్డం లెక్కతో 240×160 ఇస్తే, నిలబడ్డ పెండ్లికూతురు 160×240గా వచ్చి గడి దాటిపోతుంది. ట్రాన్స్‌ఫర్మేషన్‌లో 90 డిగ్రీల తిప్పు ఉందో లేదో చూసి, ఉంటే హద్దు వెడల్పు, ఎత్తు తారుమారు చేసి లెక్క కట్టాలి.

మా పని దాదాపు జేపెగ్‌లతోనే కాబట్టి మాకు ఇది బాగా కుదిరింది. పీఎన్‌జీలు ఎక్కువుంటే ఆ ఎనిమిదో వంతు సౌకర్యం లేదు, ప్రతిదీ పూర్తిగా విప్పాల్సిందే, థంబ్‌నెయిల్‌లను డిస్క్‌లో దాచుకోక తప్పదు. తిరిగే హార్డ్‌డిస్క్ అయితే రెండు థ్రెడ్‌లకు మించి పెట్టకండి, హెడ్ అటూ ఇటూ పరిగెత్తి ఇంకా నెమ్మదిస్తుంది. రెండు మూడు వందల ఫోటోలే చూపించే అంగడికి మాత్రం ఇంత కట్టడం అక్కర్లేదు, మోడల్ విడిగా రాయక్కర్లేని క్యూలిస్ట్‌విడ్జెట్ చాలు.