16 టైపులా, 34 బలాలా, 6 గుంపులా: ఎవరికి ఏ పనో తేల్చడానికి ఏది మేలు?

మాది గుంటూరులో చిన్న ప్రింటింగ్ షాపు, శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, ఫ్లెక్సీలు, మొత్తం ఆరుగురం. పోయిన మాఘంలో ఒక శుభలేఖ మీద ముహూర్తం "రా. 8-42" అని ఉండాల్సింది "ఉ. 8-42" అని 500 కార్డులు కొట్టేశాం. డిజైన్ మాత్రం అదిరింది, పెళ్లికూతురి నాన్న కార్డు పట్టుకుని బాగుంది బాగుంది అంటూనే ఆ లైను దగ్గరకొచ్చి ఆగిపోయాడు. రాత్రికి రాత్రి మళ్లీ కొట్టి ఇచ్చాం, ఖర్చు మాదే. మా డిజైనర్ కుర్రాడేమో చేతకానివాడు కాదు, రంగులు కలపడంలో వాణ్ణి కొట్టేవాడు లేడు, మరి లోపం ఎక్కడుంది అని తవ్వుతూ ఈ పర్సనాలిటీ టెస్టుల గోలలో పడ్డా.

ముందు ఎంబీటీఐ. మనిషి స్వభావాన్ని నాలుగు అక్షరాల్లో చెప్పే టెస్టు, ఒక్కో అక్షరం ఒక్కో గుణానికి గుర్తు, మొత్తం 16 టైపులు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు చాలామంది వినే ఉంటారు. కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్ అని అమెరికాలో తల్లీకూతుళ్లు, స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో రాసిన పుస్తకం పట్టుకుని దీన్ని తయారుచేశారు, ఇద్దరిలో ఎవరూ సైకాలజీ చదువుకున్నవాళ్లు కాదు. చిక్కేంటంటే ఇది మనిషిని అటో ఇటో ఒక గదిలో పడేస్తుంది, కలుపుగోలా ముభావమా, అంతే. మనలో ఎక్కువమందిమి మధ్యలో ఉంటాం కదా, అందుకే కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారిపోతుంది. మా కౌంటర్ అమ్మాయికి నెట్లో దొరికే ఫ్రీ టెస్టులో (అది అసలు ఎంబీటీఐ కాదు, అక్షరాలు అవే వాడుకుంటారు) ముభావం అని వచ్చింది, ఆ పిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా బేరాలాడి ఒక్కర్ని కూడా ఖాళీ చేతుల్తో పంపదు! ఉద్యోగంలోకి తీసుకోడానికి దీన్ని వాడొద్దని ఆ టెస్టు కంపెనీవాళ్లే చెప్తారు. టీ టైములో నవ్వుకోడానికి ఓకే.

రెండోది అమెరికా సర్వే కంపెనీ గ్యాలప్ వాళ్ల క్లిఫ్టన్ స్ట్రెంత్స్. 177 జతల వాక్యాలు, ఒక్కోదానికి 20 సెకన్లు టైము, చివర్లో 34 బలాల్లో మనకి పైన ఉన్న ఐదు చెప్తుంది. లోపాలు దిద్దుకుంటూ కూర్చోకు, ఉన్న బలాన్నే సానబెట్టు అనేది దీని లైను, ఆ మాట నాకు నచ్చింది. కాకపోతే తలకింత అని డబ్బు కట్టాలి, పైగా అన్నీ పొగడ్తలే. నేను డబ్బు కట్టి రాస్తే "బాధ్యత" అని వచ్చింది, తప్పు ముహూర్తంతో 500 కార్డులు కొట్టించినవాడికి బాధ్యత! సరే ఉందనుకుందాం, బాధ్యత ఉన్న మనిషిని క్యాష్ దగ్గర కూర్చోబెట్టాలా కటింగ్ మెషిన్ దగ్గరా, అది మాత్రం చెప్పదు.

మూడోది హాలండ్ కోడ్. జాన్ హాలండ్ అనే అమెరికా సైకాలజిస్టు రెండో ప్రపంచ యుద్ధం టైములో అమెరికా సైన్యంలో కొత్తగా చేరేవాళ్లని ఇంటర్వ్యూ చేసే పని చేశాడు, ఎంతమంది వచ్చినా కొద్ది రకాల్లోనే సర్దుకుంటున్నారని అక్కడే గమనించాడంట, 1959లో దాన్నొక థియరీగా రాశాడు. ఆరు గుంపులు. మెషిన్లు, చేతిపని ఇష్టపడేవాళ్లు రియలిస్టిక్, ఎందుకు ఎలా అని తవ్వేవాళ్లు ఇన్వెస్టిగేటివ్, బొమ్మలూ రంగులూ ఆర్టిస్టిక్, మనుషులకి సాయపడేవాళ్లు సోషల్, అమ్మి ఒప్పించేవాళ్లు ఎంటర్‌ప్రైజింగ్, లెక్కా వరసా సరిచూసుకునేవాళ్లు కన్వెన్షనల్. అమెరికా కార్మిక శాఖ ఓనెట్ సైట్లో 60 ప్రశ్నలది ఫ్రీగా ఉంది, ఫలానా పని నీకు ఇష్టమా కాదా అని మాత్రమే అడుగుతుంది, నేనే పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ అందరిచేతా చేయించా.

అసలు సంగతి ఇక్కడుంది. ఈ ఆరింటినీ షడ్భుజి మూలల్లో పెట్టాడు, పక్కపక్కన ఉన్నవి దగ్గరి చుట్టాలు, ఎదురెదురుగా ఉన్నవి దూరం, ఆర్టిస్టిక్‌కి సరిగ్గా ఎదురుగా ఉన్నది కన్వెన్షనల్. మేమేమో ఇన్నేళ్లూ డిజైన్ చేసినవాడితోనే ప్రూఫ్ (అచ్చుకి ముందు తప్పులు వెతికే కాపీ) కూడా చూపిస్తున్నాం! కుర్రాణ్ణి అడిగితే "అన్నా, నేను కార్డు చదవనన్నా, బొమ్మలాగా చూస్తా" అన్నాడు. నిజమే, డిజైన్‌కి వాడే అను ఫాంట్స్ అనే తెలుగు అక్షరాల్లో "రా" వంపు ఎలా తిరిగిందో చూసే కన్ను అక్కడ "రా" ఉండాలా "ఉ" ఉండాలా అని చూడదు.

కన్వెన్షనల్ ఎవరికి ఎక్కువొచ్చిందో తెలుసా, వెనక గదిలో కార్డులు మడిచి వందలు కట్టే పిన్నిగారికి. చదివింది పదో తరగతి, ఆవిణ్ణి ఎవరూ ఏదీ అడిగింది లేదు. అయితే హాలండ్ ఇష్టం చెప్తుంది గానీ చేతనవుతుందో లేదో చెప్పదు, నాకు పాడటం ఇష్టం, మా ఇంట్లోవాళ్లని అడగండి ఎలా ఉంటుందో. అందుకని తప్పులున్న పాత ప్రూఫులు కొన్ని ఆవిడ ముందు పెట్టా. స్కేలు అడ్డం పెట్టుకుని లైను లైనూ పైకి చదువుతూ, చి.ల.సౌ.లో చుక్కలు కూడా లెక్కపెట్టి, నేను చూసుకోని ఒత్తులు రెండు పట్టింది. ఆ వారం నుంచే ప్రూఫ్ ఆవిడది, జీతం కూడా పెంచాం.

పరిశోధకులు ఎక్కువ నమ్మేది బిగ్ ఫైవ్ అని ఇంకోటి ఉంది, మనిషిని ఐదు గుణాల్లో కొలుస్తుంది, అందులో పనిమీద శ్రద్ధ అనే గుణం ఏ రకం ఉద్యోగంలోనైనా పనితనంతో ముడిపడి ఉంటుందని బారిక్, మౌంట్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో చూపించారు. నాకది టెస్టు పెట్టకుండానే నెల తిరిగేసరికి కనపడిపోతుంది.

నన్నడిగితే చిన్న షాపుకైనా, ఇంటర్ అవగానే ర్యాంకు చూసి బ్రాంచి తీసుకోబోయే పిల్లలకైనా హాలండే మేలు, దానికి తోడు పది రోజులు ఆ పని చేయించి చూడాలి. కంపెనీ డబ్బు కడుతుంటే క్లిఫ్టన్ కూడా రాయండి, టీమ్‌లో ఒకరి గురించి ఒకరు మంచి మాట అనుకోడానికి పనికొస్తుంది.

నిన్న ఒక గృహప్రవేశం కార్డు ప్లేటుకి వెళ్లబోతుంటే పిన్నిగారు ఆపేశారు, "బుధవారం దశమి అని వేశారు, క్యాలెండర్లో బుధవారం ఏకాదశి కదా బాబూ" అని. కస్టమర్‌కి ఫోన్ చేస్తే ఆయనే తప్పు రాసిచ్చాడంట.