డైగోరో, యాహికో, జోటారో: సమురాయ్ కామిక్స్‌లో ఏ పిల్లవాడు మేలు?

సమురాయ్ కామిక్స్ అనగానే అందరూ కత్తి పట్టినవాడి గురించే మాట్లాడతారు. వాడి పక్కన నడిచే పిల్లవాడి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఆ పిల్లవాడు కుదిరితేనే సిరీస్ కుదిరినట్టు. హీరో ఎంతమందినైనా నరకగలడని మొదటి సంచికలోనే తెలిసిపోతుంది, కాబట్టి అక్కడ టెన్షన్ ఏమీ ఉండదు. ఆ మనిషికి పోగొట్టుకోడానికి ఏముంది, దేనికి భయపడతాడు అన్నది పక్కనున్న పిల్లవాడి వల్లే తెలుస్తుంది.

ఈ కోవలో నాకు బాగా నచ్చినవాళ్ళు ముగ్గురు. ‘లోన్ వుల్ఫ్ అండ్ కబ్’లో డైగోరో, ‘రురౌని కెన్షిన్’లో యాహికో, ‘ఉసాగి యోజింబో’లో జోటారో. నా ఓటు జోటారోకి. కానీ డైగోరోని దాటి అక్కడికి చేరడం అంత తేలిక కాదు, అందుకే వాడితోనే మొదలుపెడతాను.

కజువో కొయికే రాసి, గోసెకి కొజిమా బొమ్మలు వేసిన ‘లోన్ వుల్ఫ్ అండ్ కబ్’ మాంగా (జపాన్ కామిక్స్) 1970 నుంచి 1976 దాకా వచ్చింది, మొత్తం 28 సంపుటాలు. డైగోరో తండ్రి ఓగామి ఇట్టో, జపాన్‌ని పాలించే సైన్యాధిపతి షోగున్ తరఫున మరణశిక్షలు అమలు చేసే అధికారి. యాగ్యూ వంశం కుట్ర పన్ని అతని భార్యని చంపిస్తుంది, అతని మీద రాజద్రోహం మోపుతుంది. ఇల్లు వదిలి వెళ్ళే ముందు ఇట్టో ఇంకా పాకుతున్న కొడుకు ముందు ఒక పక్క బంతి, ఇంకో పక్క కత్తి పెడతాడు. బంతి ముట్టుకుంటే తల్లి దగ్గరికి పంపించేస్తాడు, అంటే చంపేస్తాడు. కత్తి ముట్టుకుంటే తనతో పాటు ఆ నరకపు దారిలో తీసుకెళ్తాడు. పిల్లవాడు కత్తి వైపు పాకుతాడు. ఆ పేజీలు చదువుతుంటే ఊపిరి ఆగుతుంది. తర్వాత ఒక హత్యకి 500 ర్యో (బంగారు నాణేలు) తీసుకునే కిరాయి హంతకుడిగా తండ్రి ఊరూరా తిరుగుతుంటే, ఆయుధాలు దాచిన చెక్క బండిలో కూర్చుని డైగోరో కూడా తిరుగుతాడు.

డైగోరో మాట్లాడేది చాలా తక్కువ. తండ్రిని పిలిచే ఒక్క పిలుపు, అంతే. మిగతాదంతా కొజిమా ఆ కళ్ళలోనే చూపించాడు. తండ్రి కోసం వెతుకుతూ వాడు ఒంటరిగా తిరిగే కథ ఒకటుంది. పొలాల్లో మంటలు చుట్టుముడితే ఆ పసివాడు బురద తవ్వుకుని అందులో దాక్కుని బతుకుతాడు. చావుని దగ్గరగా చూసినవాడి చూపు ఈ వయసు పిల్లవాడికి ఎలా వచ్చిందని ఒక సమురాయ్ నివ్వెరపోతాడు. ఇంకో కథలో ఒక జేబుదొంగ తను కొట్టేసిన సొమ్ము డైగోరో చేతిలో పెట్టి, ఎవరికీ చెప్పనని మాట తీసుకుంటుంది. పట్టుబడ్డాక వాడిని అందరిముందు కొరడాతో కొడతారు. ఆమె మనసు ఆగక ముందుకొచ్చి దొంగని నేనే అని ఒప్పుకుంటుంది. అప్పుడు కూడా డైగోరో ఈమె కాదన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే.

ఇంత గొప్పగా ఉంటే మరి ఓటు ఎందుకు వేయలేదు? కత్తి వైపు పాకిన పిల్లవాడు నిజంగా ఏమీ ఎంచుకోలేదు కనుక. ఆ ప్రశ్న వాడికి అర్థమయ్యేది కాదు, అడిగిన తండ్రికీ ఆ సంగతి తెలుసు. కొరడా కథ లాంటి కొన్ని చోట్ల తప్పిస్తే, 28 సంపుటాల పొడుగునా డైగోరో తండ్రి బాటకి నీడ. నీడని అంత అందంగా గీసినవాళ్ళు లేరు, నిజమే. కానీ వాడు పెరగడు. మొదటి సంపుటంలో ఎలా ఉన్నాడో చివరికీ దాదాపు అలాగే ఉంటాడు. మినహాయింపు ఆఖరి పేజీలు. అవి చదవనివాళ్ళ కోసం అక్కడ ఏం జరుగుతుందో చెప్పను, వాడు చేతిలోకి ఏం తీసుకుంటాడో, ఎదుట నిలబడ్డ యాగ్యూ వంశ పెద్ద, ముసలి రెత్సుడో ఏం చేస్తాడో మీరే చూడాలి. వాడి బతుకులో అంత పెద్ద పని వాడంతట వాడు చేసేసరికి కథ అయిపోతుంది.

ఎదుగుదల కావాలంటే యాహికో దగ్గరికి రావాలి. ‘రురౌని కెన్షిన్’ 1994లో మొదలై 1999లో ముగిసింది, ఇది కూడా 28 సంపుటాలే. కాలం మాత్రం వేరు. ఇది మెయిజీ చక్రవర్తి పాలనలో 11వ ఏడు, అంటే 1878. కత్తులు కట్టుకుని తిరగకూడదని అంతకు రెండేళ్ళ ముందే చట్టం వచ్చింది, సమురాయ్ అన్న హోదాకి విలువ పోయింది. అలాంటి రోజుల్లో మ్యోజిన్ యాహికో పదేళ్ళ అనాథ. సమురాయ్ వంశంలో పుట్టి, గూండాల ముఠా చేతిలో పడి జేబులు కొడుతుంటాడు. ఒకరోజు కథానాయకుడు, దేశం తిరిగే కత్తివీరుడు కెన్షిన్ దగ్గర పర్సు కొట్టేస్తాడు. కెన్షిన్ కోప్పడకుండా ఆ పర్సు వాడికే ఇచ్చేసి, ఈసారి దొరక్కుండా చూసుకో అంటాడు. అంతే, కుర్రవాడికి ఒళ్ళు మండిపోతుంది. జాలిపడితే ఊరుకోనని పర్సు తిరిగి విసిరికొడతాడు. వాడి స్వభావం మొత్తం ఆ ఒక్క విసురులో తెలిసిపోతుంది.

కెన్షిన్ వాడికి తన విద్య నేర్పడు. కవోరు అనే అమ్మాయి నడిపే డోజోలో, అంటే కత్తిసాము నేర్పే శాలలో చేరుస్తాడు. వాడు కవోరుతో పొద్దస్తమానం గొడవపడుతూనే వెదురు కత్తి తిప్పడం నేర్చుకుంటాడు. కెన్షిన్ దగ్గరున్నలాంటి కత్తి కొనుక్కోవాలని అకబెకో హోటల్లో పనికి చేరతాడు. అది పదును వెనక వైపున్న కత్తి, మామూలుగా దొరికేది కాదు. చివరికి పదిహేనేళ్ళు వచ్చాక కెన్షిన్ తన కత్తినే వాడికి ఇచ్చేస్తాడు. కూలి డబ్బులు దాచుకున్న కుర్రవాడికి ఆ కత్తి ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. పది, పన్నెండేళ్ళ పిల్లలకి ఇవ్వడానికి ముగ్గురిలో యాహికోయే నయం. వాడికి భయం వేస్తుంది, ఓడిపోతాడు, తెల్లారి మళ్ళీ సాధన చేస్తాడు. నాకున్న అభ్యంతరం ఒక్కటే. కుర్రాళ్ళ వారపత్రికలో వచ్చిన కథ కాబట్టి వాడి ఎదుగుదలని ఎప్పుడూ గెలిచిన పోరాటాలతోనే కొలుస్తారు. ఈసారి ఎవరిని పడగొట్టాడు, ఎంత దెబ్బ ఓర్చుకున్నాడు అన్నదే లెక్క.

ఇక జోటారో. స్టాన్ సకాయ్ క్యోటోలో పుట్టి హవాయిలో పెరిగిన అమెరికన్ కళాకారుడు. 1984 నుంచి ‘ఉసాగి యోజింబో’ ఒక్కడే రాసి గీస్తున్నాడు. అందులో మనుషులంతా జంతువులే. హీరో మియామొటో ఉసాగి ఒక కుందేలు, యజమానిని పోగొట్టుకుని దేశం పట్టుకు తిరిగే రోనిన్. పేరు చూస్తేనే జపాన్‌లో ప్రసిద్ధుడైన ఖడ్గవీరుడు మియామొటో ముసాషి గుర్తొస్తాడు. జోటారో పేరు కూడా ఆ ముసాషి మీద వచ్చిన నవలలోని బాల శిష్యుడిదే.

ఉసాగి ప్రేమించిన మరికో, ఉసాగికి చిన్ననాటి నుంచి పోటీదారైన కెనిచిని పెళ్ళి చేసుకుంటుంది. జోటారో వాళ్ళింట్లో పెరిగే పిల్లవాడు. ఆరో సంపుటం ‘సర్కిల్స్’లో ఉసాగి సొంత ఊరికి వస్తాడు, పిల్లవాడు ప్రమాదంలో పడితే కాపాడతాడు. అప్పుడు మరికో అతనికి నిజం చెబుతుంది: జోటారో నీ కొడుకే. ఆ మాట విని కూడా ఉసాగి ఊళ్ళో ఉండిపోలేడు. ఉంటే ఆ ఇల్లు కూలిపోతుంది. మళ్ళీ దారి పడతాడు.

చాలా సంపుటాలు గడిచాక, ఉసాగికి విద్య నేర్పిన కట్సుయిచి దగ్గరే జోటారో శిష్యుడిగా కనిపిస్తాడు. పదిహేడో సంపుటంలో గురువు ద్వంద్వయుద్ధంలో గాయపడతాడు. ఆయన కోలుకునే దాకా పిల్లవాడు ఉసాగితో తిరుగుతాడు. ఆ ప్రయాణమే 18, 19 సంపుటాలు. చేతిలో చెక్క కత్తి, నోట్లో ఆగని ప్రశ్నలు, ఉసాగిని ‘అంకుల్’ అని పిలవడం. పైకి చూస్తే హుషారైన కుర్రవాడు, అంతే. కానీ నిజం వాడికీ తెలుసు, తల్లి చెప్పింది. తండ్రికి తెలుసు, కొడుకుకి తెలుసు, ఎదుటివాడికి తెలుసన్న సంగతి మాత్రం ఇద్దరికీ తెలియదు.

లవకుశుల కథ వింటూ పెరిగిన మనకి తండ్రెవరో తెలియని కొడుకులు కొత్త కాదు. అక్కడ నిజం బయటపడితే కథ కొలిక్కి వస్తుంది. ఇక్కడ నిజం పిల్లవాడి గుప్పిట్లోనే ఉంటుంది, వాడు గుప్పిట విప్పడు. విప్పితే తనని పెంచిన కెనిచి ఏమవుతాడు? అమ్మ సంగతేంటి? ఈ ప్రశ్నలు సకాయ్ వాడి నోట పెద్ద డైలాగులుగా పలికించడు. రాత్రి నెగడు దగ్గర ఇద్దరూ కూర్చున్నప్పుడో, విడిపోయే రోజు దగ్గరపడినప్పుడో, నోటి దాకా వచ్చిన మాట ఆగిపోవడం బొమ్మలో కనిపిస్తుంది. ఉసాగి నిలువెత్తు సైన్యాన్ని ఎదిరిస్తాడు, ఈ ఒక్క మాట మాత్రం అనలేడు. డైగోరోకి ఎంచుకునే వయసు లేదు, యాహికో ఎంచుకున్నది బలం. జోటారో ఎంచుకున్నది ఇంకొకరి ఇల్లు చెదరకుండా నోరు మూసుకోవడం. ఆ వయసులో అది ఎంత బరువో ఆలోచిస్తే నాకు వాడి మీద ప్రేమ ఇంకా పెరుగుతుంది.

ఇంకో ముచ్చట. సకాయ్ డైగోరోకి నమస్కారం పెడుతూ ‘లోన్ గోట్ అండ్ కిడ్’ అనే జంటని సృష్టించాడు. తండ్రి యాగి ఒక మేక, బండిలో కూర్చునే కొడుకు గొరొగొరో. 19వ సంపుటంలో ఈ జంట దారిలో ఉసాగి, జోటారో ఎదురవుతారు. తండ్రి ఎవరో లోకమంతటికీ తెలిసిన పిల్లవాడు ఒకడు, తండ్రి పక్కనే నడుస్తూ అంకుల్ అని పిలిచే పిల్లవాడు ఇంకొకడు. ఇద్దరినీ ఒకే కథలో చూశాకే నా ఓటు ఎటు వెళ్ళాలో తేలిపోయింది.

జోటారోతో చిక్కు లేదని కాదు. మొత్తం సిరీస్‌తో పోలిస్తే వాడు కనిపించే పేజీలు తక్కువ. ఆ ప్రయాణం అయ్యాక మళ్ళీ గురువు దగ్గరికి వెళ్ళిపోతాడు, ఉసాగి మామూలుగా ఒంటరి దారిన పడతాడు. మొదటి పుట నుంచి వాడే కావాలనుకునేవాళ్ళకి నిరాశే. పైగా ‘సర్కిల్స్’ చదవకుండా నేరుగా 18 పట్టుకుంటే వాడు అల్లరి కుర్రవాడిలా మాత్రమే కనిపిస్తాడు, బరువు తెలియదు. కాబట్టి 6 ముందు చదవండి, వీలైతే మధ్యవి కూడా, తర్వాత 17, 18, 19 వరసగా. అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, భాష తేలిక, తొమ్మిదో తరగతి పిల్లలు హాయిగా చదువుకోవచ్చు. రక్తపాతం కూడా తక్కువ, చచ్చిన జంతువు నెత్తి మీద చిన్న పుర్రె బొమ్మ తేలుతుందంతే. ‘లోన్ వుల్ఫ్’ మాత్రం పెద్దవాళ్ళకే. అందులో హింస, లైంగిక హింస దాపరికం లేకుండా ఉంటాయి, కథలో పసివాడు ఉన్నాడని పిల్లల చేతికి ఇవ్వకండి.