శాతం తగ్గింపు: తేడాతో లెక్కేయాలా, మిగిలినదాంతోనా?

ఆషాఢం సేల్లో అక్కతో చీరలకి వెళ్లాను. ఒక షాపు బోర్డు మీద "50% + 20%", పక్క షాపులో "ఫ్లాట్ 65%". "ఇక్కడ డెబ్బై కదే, ఇదే మేలు" అంది అక్క. చీర ధర రెండుచోట్లా 2,400. మొదటి షాపులో సగం పోతే 1,200. మిగతా 20 శాతం తీసేది ఆ 1,200లోంచే, కాబట్టి బిల్లు 960. పక్క షాపులో 840. చీరకి 120 రూపాయల తేడా!

ఎంత శాతం తగ్గిందో లెక్కకట్టడానికి రెండు దారులున్నాయి. బడిలో నేర్పేది తేడా పద్ధతి: పాత ధరలోంచి కొత్తది తీసేసి, వచ్చిన తేడాని పాత ధరతో భాగించి, వందతో గుణించాలి. రెండోది: కొత్త ధరని పాత ధరతో భాగించి, వందతో గుణిస్తే మిగిలిన శాతం వస్తుంది. దాన్ని వందలోంచి తీసేస్తే తగ్గింది ఎంతో తెలుస్తుంది. జవాబు ఒకటే.

నోటిలెక్కకి మొదటిదే హాయి. 500ది 400 అయితే వంద తగ్గింది, అంటే ఐదో వంతు, 20 శాతం. కానీ చాలామంది ఆ వందని కొత్త ధర 400తో భాగించి 25 అంటారు. 25 చూడ్డానికి నిజంలాగే ఉంటుంది, అదే ప్రమాదం. రెండో పద్ధతిలో తిరగేసి, 500ని 400తో భాగిస్తే 125 శాతం వస్తుంది. తగ్గిన ధర పాత ధరలో వంద శాతం దాటదు కదా, తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

2025 సెప్టెంబర్ 22న షాంపూ, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. ధర 13 శాతం తగ్గాలని అందరం అనుకున్నాం. వంద రూపాయల సరుకుకి పన్నుతో కలిపి మనం కట్టింది 118, ఇప్పుడు 105. 105ని 118తో భాగించి వందతో గుణిస్తే దాదాపు 89 శాతం మిగిలింది, అంటే తగ్గింది 11 శాతమే.

బోర్డు మీద ప్లస్ గుర్తు కనిపిస్తే మాత్రం రెండో దారే నయం. 50 శాతం పోతే మిగిలేది 0.5, 20 శాతం పోతే మిగిలేది 0.8. ఫోన్లో 0.5ని 0.8తో గుణిస్తే 0.4. నలభై శాతం మిగిలింది, అరవై శాతం తగ్గింది. "రెండు కొంటే ఒకటి ఫ్రీ" కూడా అంతే: మూడింటికి రెండింటి డబ్బు, తగ్గింపు 33 శాతం చిల్లర. అదీ మూడో చీర నిజంగా కావాలంటేనే.

ఏడో తరగతి చదివే మా అక్క కూతురికి నేను రెండోదే ముందు చెప్పాను.