ఫోన్‌కి తగిలించే బ్యాట్ డిటెక్టర్: వినడానికి భేష్, పేర్ల దగ్గరే పేచీ

రెండేళ్లకు పైగా వాడాక రాస్తున్నాను. గబ్బిలాల పిలుపులు పట్టి మనకి వినిపించడానికి ఫోన్‌కి కింద గుచ్చే చిన్న మైకు, దానికో యాప్, అంతే. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు, గబ్బిలాల పిలుపులు ఎక్కువగా ఆ పైనే ఉంటాయి. ఇది శబ్దం నుంచి సెకనుకు 2,56,000 శాంపిళ్లు తీసుకుంటుంది కాబట్టి అందులో సగం, అంటే 128 కిలోహెర్ట్జ్ దాకా పట్టేస్తుంది. విశాఖలో మాధవధార వైపు, కంబాలకొండ అభయారణ్యం అంచుల్లో గెడ్డల (వాగుల) పక్కనే ఎక్కువగా వాడాను. చీకటి పడ్డాక అభయారణ్యం లోపలికి అనుమతి లేనిదే వెళ్లకూడదు, అంచుల్లోనే బోలెడు దొరుకుతాయి.

వినడానికి మాత్రం వంక పెట్టలేం. గబ్బిలం తిరుగుతున్నంతసేపూ టక్, టక్ అని నిదానంగా వస్తుంది. పురుగు దగ్గరపడే కొద్దీ ఆ చప్పుళ్లు ముడుచుకుపోయి, చివర్న జిప్పు లాగినట్టు జుర్ర్‌మంటుంది. వేసవిలో గెడ్డ ఎండి మడుగులే మిగిలినప్పుడు నీళ్లకీ పురుగులకీ అన్నీ అక్కడికే చేరతాయి. అమెరికా ఎడారి పార్కుల్లో గబ్బిలాల సర్వేకి వాగుల ఒడ్లు ఎంచుకునేదీ ఇందుకే. ఫోన్ పైకెత్తి నిల్చుంటే, "ఏటి బాబూ, సిగ్నల్ అందట్లేదా?" అని దారిన పోయేవాళ్లు అడగడం మామూలే.

అసలు పేచీ ఆటో ఐడీతో, అంటే పిలుపుని బట్టి గబ్బిలం పేరు యాపే చెప్పే ఆప్షన్‌తో. ప్రాంతాల జాబితాలో మన దేశమే లేదు. అమెరికా నైరుతి పెట్టి చూస్తే, మన బుల్లి పిపిస్ట్రెల్ గబ్బిలాన్ని దర్జాగా ‘కేన్యన్ బ్యాట్’ అంటుంది. అది అరిజోనా లాంటి ఎడారుల్లో తిరిగేది, సింహాచలం కొండకి రావాలంటే వీసా కావాలి! రెండింటి పిలుపులూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటాయి, సాఫ్ట్‌వేర్‌కి మన నమూనాలు తెలియవు. ఆ ఆప్షన్ ఆపేసి, పిలుపు ఆకారం, ఫ్రీక్వెన్సీ మనమే చూసుకోవడం మేలు.

చెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలు తల మీదుగా పోతున్నా తెర ఖాళీగానే ఉంటుంది. అవి దారి వెతకడానికి కళ్లనూ ముక్కునూ నమ్ముకుంటాయి, ప్రతిధ్వనిని కాదు. బాగా హెచ్చు ఫ్రీక్వెన్సీ ఉన్న హిపోసిడెరోస్ (ఆకు ముక్కు) గబ్బిలాల్లో 128 లోపు పిలిచేవి కూడా దగ్గరికొస్తేనే దొరుకుతాయి, అంత పైస్థాయి శబ్దాన్ని గాలే మింగేస్తుంది.

వానాకాలంలో కీచురాళ్లతో చచ్చే చావు. వాటి రొదకే రికార్డింగ్ మొదలైపోతుంది. నిమిషానికి దాదాపు 30 ఎంబీ, ఫోన్ ఇట్టే నిండిపోతుంది.

కొనేవాళ్లు ముందు ఫోన్ సాకెట్ సరిపోతుందో లేదో చూసుకోండి. లావుపాటి కేసు ఉంటే తీసేయాల్సిందే, లేకపోతే మైకు పూర్తిగా దిగదు.