ఐదేళ్లు, ఆరు డ్రాఫ్టులు: నా స్క్రీన్‌ప్లే చదువు ఎంతవరకు పనికొచ్చింది

అది 14 వారాల ఆన్‌లైన్ కోర్సు. ఏడు వారాలు ప్లానింగు, ఆరు వారాలు రాయడం, చిట్టచివరి వారం తిరగరాయడం. ఆ తర్వాత ఐదేళ్లలో నేను రాసినవి రెండు పూర్తి నిడివి స్క్రిప్టులు, ఒక షార్ట్ ఫిల్మ్. డైరీ తిరగేసి లెక్కేస్తే, మొదటి డ్రాఫ్టులు పూర్తి కావడానికి పట్టిన సమయం మొత్తంలో పావు వంతు కూడా లేదు. మిగతాదంతా తిరగరాతే. అంటే నాకు ఎక్కువ అవసరమైనదానికి ఆ కోర్సులో ఒక్క వారం దక్కింది. అది కూడా సెలవులిచ్చే ముందురోజు బడిలా నడిచింది.

ఈ సమీక్ష ఆ కోర్సు గురించీ, దానివల్ల అలవాటైన సీను కార్డుల గురించీ, దానితో సంబంధం లేకుండా నేను పట్టుకున్న, మామూలు టెక్స్ట్ ఫైలులో స్క్రీన్‌ప్లే రాసుకునే ఫౌంటెన్ పద్ధతి గురించీ. కోర్సు పేరు చెప్పను. తర్వాత చూసిన మరో రెండు కోర్సుల సిలబస్ కూడా ఇంచుమించు ఇదే కొలతలో ఉంది.

ప్లానింగు బాగా చెప్పారు, అది ఒప్పుకోవాలి. మొదటి వారమంతా ఒకే వాక్యం రాయించారు: ఎవరు, వాళ్లకి ఏం కావాలి, అడ్డేమిటి. నా కథ ఇది. ఒక లిఫ్ట్ మెకానిక్ తనిఖీ చెయ్యకుండానే చేసినట్టు రిజిస్టరులో సంతకం పెడతాడు. ఆ లిఫ్ట్ పడి ఒక మనిషి పోతాడు. విచారణలో ఇతనే ముఖ్య సాక్షి. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు పంపినా వెనక్కి పంపారు. ఎందుకో నాకు అంతుపట్టలేదు. జరిగినవన్నీ అందులో ఉన్నాయి కదా! మెకానిక్‌కి ఏం కావాలో మాత్రం లేదు. వారం చివర ఏదో ఒక కోరిక అతికించి గట్టెక్కాను. దానికి వడ్డీతో సహా తర్వాత కట్టాను.

రెండో వారం నుంచి కార్డులు. సీనుకి ఒకటి. పూర్తి నిడివి సినిమాకి సాధారణంగా 40 నుంచి 60 దాకా వస్తాయి, నాకు 52 వచ్చాయి. సీనులో ఏం జరుగుతుందో కార్డు మీద రాయడం అందరూ చేసేదే. ఇక్కడ అదనంగా చెప్పిందేమిటంటే, కింది మూలలో సీను మొదట్లో ఉన్న పరిస్థితి, చివర్లో ఉన్న పరిస్థితి రెండు ముక్కల్లో రాయమని. రెండూ ఒకటే అయితే ఆ సీను ఎందుకుందో జవాబు చెప్పాలి. ఈ అలవాటు ఇప్పటికీ వదల్లేదు. సాఫ్ట్‌వేర్లలో కూడా కార్డులుంటాయి, వాడి చూశాను. నా తెర మీద ఒకేసారి పదిహేను కనిపించేవి. నేల మీద పరిస్తే 52 కనిపిస్తాయి. కాకపోతే ఫ్యాను ఆపుకుని కూర్చోవాలి.

‘సౌత్ పార్క్’ కార్టూన్ సీరియల్ సృష్టికర్తలు ట్రే పార్కర్, మాట్ స్టోన్ విద్యార్థులకి చెప్పిన పరీక్ష ఒకటి కూడా అప్పుడే పరిచయమైంది. పక్కపక్క సీన్ల మధ్య ‘ఆ తర్వాత’ అన్న మాట తప్ప మరేదీ ఇమడకపోతే కథ నడవట్లేదని అర్థం. ‘అందువల్ల’ గానీ ‘అయితే’ గానీ ఇమడాలి. నా కార్డుల మీద పెట్టి చూస్తే 21 నుంచి 31 దాకా వరసగా ‘ఆ తర్వాత’లే. మెకానిక్ ఇంట్లో బాధపడతాడు, ఆ తర్వాత పనిలో బాధపడతాడు, ఆ తర్వాత పోయినాయన కూతురిని దూరం నుంచి చూసి బాధపడతాడు. విడివిడిగా చదివితే ప్రతి సీనూ బాగుంది, నేనే మురిసిపోయాను. వరసగా చదివితే ఒకే సీను పదకొండుసార్లు.

లోపం కనిపిస్తున్నది మధ్యలో, దాని వేరు మాత్రం మొదటి వారం వాక్యంలో ఉంది. అతనికి ఏదీ కావాలని లేదు. మూడో డ్రాఫ్టులో ఒక పని ఇచ్చాను: విచారణాధికారి చేతికి చిక్కకముందే ఆ రిజిస్టరు తను సంపాదించాలి. దాంతో పదకొండు కార్డుల్లో ఏడు పోయాయి, మిగిలిన నాలుగూ పరుగందుకున్నాయి. కూతురిని ఆ భవనం ఆఫీసులోనే ఉద్యోగం చేసే మనిషిని చేశాను. మెకానిక్ ఆమెని దూరం నుంచి చూసే సీను ఇప్పటికీ ఉంది. రిజిస్టరున్న గది తాళం ఆమె దగ్గరే ఉందని అతనికి తెలిసేది ఆ సీనులోనే.

నిర్మాణం విషయంలో కోర్సు నమ్ముకున్నది 15 మలుపుల పట్టిక. 110 పేజీల స్క్రిప్టులో 12వ పేజీ దగ్గర కుదుపు, 55 దగ్గర మధ్య మలుపు, 75 దగ్గర సర్వం పోవడం, ఇలా. దాన్ని పక్కన పెట్టుకునే మొదటి స్క్రిప్టు రాశాను. 12వ పేజీలో జరగాల్సింది 12వ పేజీలోనే జరిగింది. చదివినవాళ్లు 11వ పేజీలోనే దానికోసం ఎదురుచూశారు. ఇప్పుడు రాసేముందు ఆ పట్టిక ముట్టుకోను. డ్రాఫ్టు ఎక్కడో కుంటుతోందని తెలిసి, ఆ ఎక్కడో అంతు చిక్కనప్పుడు తీస్తాను.

నాకు కుదిరింది ఎనిమిది సీక్వెన్సుల పద్ధతి. ఫ్రాంక్ డేనియల్ అనే అధ్యాపకుడు అమెరికాలో దీన్ని పాఠంగా నేర్పారు. దీని వెనక రీళ్ల కాలపు అలవాటుంది. 35 ఎంఎంలో వెయ్యడుగుల రీలు, సెకనుకి 24 ఫ్రేముల లెక్కన, సుమారు 11 నిమిషాలు ఆడుతుంది. కథని కూడా పది పదిహేను నిమిషాల ముక్కలుగా చూసి, ఒక్కోదానికి సొంత ప్రశ్న, సొంత జవాబు ఇవ్వడమే ఈ పద్ధతి. ఉద్యోగం నుంచి వచ్చి రాత్రి గంటన్నర రాసుకునేవాడికి 110 పేజీలంటే కాళ్లాడవు. 13 పేజీల చిన్న కథంటే కూర్చోగలడు.

రాయడం నేర్పిన ఆరు వారాలూ పరవాలేదు. కనిపించేదీ వినిపించేదీ మాత్రమే రాయాలన్నది ముఖ్య పాఠం. ‘చేసిన తప్పు గుర్తొచ్చి అతని మనసు కలుక్కుమంది’ అని రాస్తే కెమెరా దేన్ని చూపించాలి? ‘లిఫ్ట్ బటన్ దాకా వెళ్లిన వేలు వెనక్కి తీసుకుని మెట్లవైపు నడుస్తాడు’ అంటే చూపించవచ్చు. స్క్రీన్‌ప్లే అంతా వర్తమానకాలంలో సాగాలి, ‘నడిచాడు’ అని రాయకూడదని తెలుసు. కథలు రాసి అలవాటైన చెయ్యి వింటేగా! మొదటి డ్రాఫ్టులో 80వ పేజీ దాటాక అంతా భూతకాలమే.

కోర్సు ఇంగ్లిషులో సాగింది కాబట్టి తెలుగులో మాత్రమే వచ్చే చిక్కులు అందులో లేవు. నా అసలు చదువు అక్కడే జరిగిందేమో. వర్ణనలో పాత్రని వాడు అనాలా, అతను అనాలా, ఆయన అనాలా? ఆలోచించకుండానే మెకానిక్‌ని ‘అతను’ అనీ, విచారణాధికారిని ‘ఆయన’ అనీ రాసుకుంటూ పోయాను. చదివిన స్నేహితురాలు ఒకటే అడిగింది: “నీ స్క్రిప్టేంటి, ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని నిలబడింది?” నిజమే. ఎవరి పక్షమూ వహించకూడని వర్ణన ఒక్క సర్వనామంతో పక్షం తీసేసుకుంది. ఇప్పుడు వర్ణనలో పెద్దవాళ్లందరూ అతను, ఆమె. గౌరవం ఎవరు ఎవరికి ఇస్తారో డైలాగుల్లో తేలుతుంది.

డైలాగుల్లో మాత్రం అది బంగారుగని. మెకానిక్, పోయినాయన కూతురు మొదట్లో ఒకరినొకరు ‘మీరు’ అనుకుంటారు. నాలుగో డ్రాఫ్టులో ఆమె కోపం చూపించడానికి అరపేజీ డైలాగు రాశాను. ఐదో డ్రాఫ్టులో అదంతా కొట్టేసి, మామూలు గొంతుతోనే “నువ్వు వెళ్లు” అనిపించాను. అంతకుముందు సీన్లన్నిటిలోనూ ‘మీరు’ తప్ప వాడని మనిషి అన్న మాట అది. అయితే ఇది పనిచెయ్యాలంటే ఆ ‘మీరు’ ఎక్కడా జారకూడదు. అందుకని సర్వనామాల కోసమే స్క్రిప్టు మొత్తం ఒకసారి చదివాను. ఎనిమిది చోట్ల జారి ఉంది.

ఇక ఫౌంటెన్. 2012లో హాలీవుడ్ రచయిత జాన్ ఆగస్ట్, దర్శకుడు స్టూ మాష్విట్జ్ తదితరులు తెచ్చిన పద్ధతి ఇది. సాఫ్ట్‌వేర్ కాదు, మామూలు టెక్స్ట్ ఫైలులో స్క్రీన్‌ప్లే రాసుకునే నియమాలు. ఎందులో రాసినా, ఈ నియమాలు తెలిసిన యాప్‌లో తెరిస్తే మార్జిన్లూ అవీ వాటంతటవే కుదురుతాయి. నాలుగున్నరేళ్లలో రెండు కంప్యూటర్లు, మూడు ఫోన్లు మార్చాను, ఫైళ్లకి ఏమీ కాలేదు. అంతకుముందు డబ్బు పెట్టి కొన్న ఒక సాఫ్ట్‌వేర్ ఫైలు కొత్త కంప్యూటర్లో తెరుచుకోక, ప్రింటు చూసి మొత్తం మళ్లీ టైపు చేశాను.

తెలుగుతో ఒక మెలిక ఉంది. పాత్ర పేరుని ఫౌంటెన్ ఇంగ్లిషు పెద్దక్షరాలని బట్టి గుర్తుపడుతుంది. మనకి చిన్నక్షరం, పెద్దక్షరం తేడా లేదాయె. మొదటిరోజు నా డైలాగులన్నీ వర్ణనలో కలిసిపోయి గంజిలా తయారయ్యాయి. మందు ఆ నియమాల్లోనే ఉంది: పాత్ర పేరు ముందు @ గుర్తు, సీను శీర్షిక ముందు ఒక చుక్క. రెండు రోజుల్లో చేతికి అలవాటైపోతుంది. # గుర్తుతో సీక్వెన్సు పేరు, = గుర్తుతో సీను సారాంశం అదే ఫైలులో పెట్టుకోవచ్చు, అవి ప్రింటులో రావు. నా వన్‌లైన్ ఆర్డర్, అంటే సీనుకో వాక్యం చొప్పున రాసుకున్న వరస, అంతా అక్కడే ఉంటుంది.

స్క్రిప్టులో పేజీకి తెర మీద నిమిషం అన్న లెక్క మాత్రం తెలుగులో నమ్మకండి. అది 12 పాయింట్ల కొరియర్ అక్షరాలకీ, పేజీకి సుమారు 55 పంక్తులకీ కట్టిన లెక్క. కొరియర్‌లో ప్రతి అక్షరం ఒకే వెడల్పు. మన అక్షరాలు అలా ఉండవు, పైన గుడులకీ కింద వత్తులకీ పంక్తుల మధ్య ఎక్కువ చోటు కావాలి. నా స్క్రిప్టు 137 పేజీలు తేలింది. స్టాప్‌వాచ్ పెట్టి, డైలాగులు పైకి చదువుతూ, వర్ణనల్లో ఉన్నది మనసులో జరిపించుకుంటూ పోతే 108 నిమిషాలు. పేజీలు చూసి భయపడి రెండు మంచి సీన్లు కోసేసిన తర్వాత ఈ సంగతి తెలిసింది. వాటిలో ఒకటి మళ్లీ అతకలేదు.

తిరగరాయడం దగ్గరికొస్తే, ఆ చివరి వారంలో ‘డైలాగులకి పదును పెట్టండి, అనవసరమైనవి తీసెయ్యండి’ అని ఒక వీడియో, శిక్షకుడి నుంచి ఒక పేజీ నోట్సు. ఆ నోట్సులో నా కథ పేరు తీసేసి ఇంకెవరి కథ పేరు పెట్టినా సరిపోయేది. డబ్బు దండగైందని అనిపించిన చోటు ఇదొక్కటే.

నాకై నేను చేసిన మొదటి తప్పు, రెండో డ్రాఫ్టుని ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టడం. మూడు వారాలు డైలాగులు చెక్కాను. తర్వాత ఆ సీన్లే ఎగిరిపోయాయి. ఇప్పుడు డ్రాఫ్టు అయ్యాక రెండు వారాలు ముట్టుకోను. ఆపైన పాత కార్డులు చూడకుండా, రాసినదాంట్లోంచి కొత్త కార్డులు తయారుచేస్తాను. పాత వరసనీ కొత్త వరసనీ పక్కపక్కన పెడితే, రాస్తానని అనుకున్న కథకీ రాసిన కథకీ ఉన్న తేడా మొహం మీద కొడుతుంది. మొదట నిర్మాణం, తర్వాత ఒక్కో పాత్ర ఉన్న సీన్లు మాత్రమే, అటుపైన డైలాగులు. ఒక దఫాలో ఒక్కటే చూస్తాను. పేర్లు కాగితంతో కప్పి డైలాగు చదివితే ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి; అధికారీ మెకానిక్కూ ఇద్దరూ నాలాగే మాట్లాడుతున్నారని అప్పుడు దొరికింది. చివర్లో ప్రతి సీనులో మొదటి రెండు పంక్తులూ, ఆఖరి రెండు పంక్తులూ చేత్తో మూసి చదువుతాను. సగానికి పైగా సీన్లలో పోయిందేమీ లేదు.

అన్నిటికన్నా ఖరీదు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది నలుగురిని కూర్చోబెట్టి పైకి చదివించడం. నేను చదవను, వివరించను. ఎక్కడ నాలుక తడబడింది, ఎక్కడ ఫోను వైపు చూశారు, అంతే రాసుకుంటాను. వాళ్ల అభిప్రాయాల్లో ‘ఎక్కడ బాగాలేదు’ అన్నది చాలావరకు నిజం. ‘ఇలా మార్చు’ అన్నది చాలావరకు కాదు. ఒక్కోసారి ఆ ‘ఎక్కడ’ కూడా పక్కకి జరుగుతుంది. ముగ్గురికి విచారణ సీను చప్పగా అనిపించింది. ఆ సీనుని నాలుగు రకాలుగా రాశాను. తప్పు తొమ్మిదో కార్డులో ఉంది. అతను సంతకం పెట్టడం చూపించకుండా మాటల్లో చెప్పించాను. చూడని సంతకం గురించి విచారణ జరుగుతుంటే ఎవరికి పడుతుంది?

కోర్సులో అసలే లేనిది షూటింగు స్క్రిప్టు, అంటే సీన్లకి నంబర్లు వేసి యూనిట్ చేతికిచ్చేది. షార్ట్ ఫిల్మ్‌కి ముందురోజు రెండు సీన్లు చేర్చి, తెలివిగా సీన్ల నంబర్లన్నీ మొదటినుంచి మార్చేశాను. మర్నాడు యూనిట్ సగం పాత 14కి సిద్ధమై వచ్చింది, సగం కొత్త 14కి. పూట పోయింది, తప్పు పూర్తిగా నాది. నంబర్లు ఒకసారి ఖాయమయ్యాక కదపకూడదనీ, కొత్త సీను 13ఏ అవుతుందే తప్ప 14 కాదనీ ఆ రోజు నేర్చుకున్నాను. హాలీవుడ్‌లో మారిన పేజీలు తెలుపు తర్వాత నీలం, గులాబీ, పసుపు, ఆకుపచ్చ కాగితాల మీద వరసగా ఎందుకు వస్తాయో కూడా.

ఆ కోర్సు మళ్లీ చేస్తానా అంటే, మొదటి ఏడు వారాలు చేస్తాను, మిగతా డబ్బు వెనక్కి అడుగుతాను. ఒక్క పూర్తి డ్రాఫ్టు కూడా రాయనివాళ్లకి పనికొస్తుంది, గడువులు మెడ మీద కూర్చుంటాయి కాబట్టి. చేతిలో ఇప్పటికే డ్రాఫ్టున్నవాళ్లు నలుగురు చదివేవాళ్లని వెతుక్కోవడం మేలు.

లిఫ్ట్ కథ ఆరో డ్రాఫ్టులో ఉంది. “నువ్వు వెళ్లు” అన్న ఆ మాటకి మెకానిక్ ఏం జవాబివ్వాలో ఇంకా తేలలేదు. ఇప్పటికి ఆ కార్డు కింది మూల ఖాళీగా ఉంది.